వెల చెప్పని గుర్రం

రెండు నెలల క్రితం ఒకనాడు జుహ్ర్ నమాజు తరువాత మా మద్రసా వరండాలోకి ఒక చాచా వచ్చి కూర్చున్నారు. ఆత్మకూరులోను, చుట్టుపట్ల గ్రామాలలోను పెళ్లి బారాతులకు గుర్రం తోలడం ఆయన జీవనాధారం. ఆయన తండ్రిగారి కాలంలో ఆ ఇంటి ముందు జట్కా బండి ఉండేది. ఉన్న ఆడగుర్రం ముసలిదైంది గనుక మరొకటి కొనాలన్నది ఆయన ఆలోచన. ఫోనులో వచ్చిన ఒక ప్రకటన మాకు చూపించారు. తెల్లని నుక్రా గుర్రం, నాలుగు ఫోటోలు, వయసు అయిదేళ్లు, బాజాలకు బెదరదన్న హామీ, ఒక ఫోను నంబరు. వెల మాత్రం లేదు.

"ధర అడిగారా చాచా?" అన్నాము.

"అడిగినాను హజ్రత్. నీ దగ్గర ఎంత ఉందని నన్నే ఎదురడిగినాడు. వచ్చి చూసుకో, మనం మనం ఒకటే కదా, ధర ఎక్కడికి పోతుంది అన్నాడు."

అప్పుడు మేము చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది చెప్పలేదు. నమాజు చదివే మనిషే అంటున్నారు కదా, వెళ్లి చూడండి, అన్యాయం చేయడులెండి అన్నాము. ఏళ్ల తరబడి ఖుదూరీ, హిదాయా గ్రంథాలలోని క్రయవిక్రయాల ప్రకరణం పిల్లలకు బోధిస్తున్న నోటితోనే ఆ మాట అన్నాము. ఈ నెల ఈ శీర్షికలో గుర్రం ప్రస్తావన రావడానికి కారణం అదే.

చాచా వెళ్లి, 20,000 రూపాయలు బయానా ఇచ్చి గుర్రాన్ని తోలుకొచ్చారు. నాలుగు రోజులు పెట్టుకుని చూడు, నచ్చితే ధర మాట్లాడుకుందాం అన్నాడట అమ్మేవాడు. మూడవ రోజు రాత్రి చాచా దానిని ఒక బారాతుకు బాడుగకు తోలారు. నాలుగవ రోజు తెల్లవారుజామున గుర్రానికి కడుపు ఉబ్బింది. పడుతూ లేస్తూ పొర్లాడింది. పశువుల డాక్టరు వచ్చి సూది వేశారు. మధ్యాహ్నం కాకముందే ప్రాణం పోయింది. ఆ సాయంత్రం అమ్మేవాడు ఫోను చేసి తనకు రావలసినది 1,60,000 అన్నాడు. అసలు ధరే అనుకోలేదు, నా బయానా నాకు తిరిగి ఇవ్వమన్నారు చాచా.

వెల రాయకుండా ప్రకటించడం దానంతట అది పాపం కాదు. ప్రకటన కేవలం పిలుపు. బేరం ఆ తరువాతి సంగతి. అసలు ఖరీదు వెల్లడించకుండా బేరమాడి అమ్ముకోవడాన్ని ధర్మశాస్త్రం ముసావమా అంటుంది, అనుమతిస్తుంది. పశువుల సంతలలో దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం మన పెద్దలందరూ చూసినదే. చుట్టూ నిలబడినవారికి అది తెలియకపోయినా దోషం లేదు. కొనేవానికి, అమ్మేవానికి తెలిస్తే చాలు. ఆ ఇద్దరికీ తెలియకుండా ముగిసిన బేరం మాత్రం మన హనఫీ ఫుకహాల దృష్టిలో సరైన బేరం కాదు. ఇంకొకడు ఎక్కువ ఇస్తానన్నాడని లేని గిరాకీని పుట్టించడం వేరే నేరం. దానిని నజష్ అంటారు. మహాప్రవక్త (స) దానిని స్పష్టంగా నిషేధించారు. ఇక గుర్రం సుడులను బట్టి అదృష్టమని, అరిష్టమని వెల పెంచి తగ్గించే అలవాటు మన ప్రాంతంలో ఇంకా పోలేదు. దాని గురించి మరొకసారి రాస్తాము.

కొనే ఉద్దేశంతో పరీక్షకు తీసుకున్న సరుకు కొనేవాని చేతిలో నశిస్తే ఎవరి నష్టం? ఫుకహాలు ఇక్కడ అడిగే మొదటి ప్రశ్న, వెల అనుకున్నారా లేదా అని. అనుకుని ఉంటే తీసుకున్నవాడే బాధ్యుడు. అనుకోకపోతే ఆ సరుకు అతని చేతిలో అమానతు మాత్రమే. అతని తప్పు లేకుండా పోతే పరిహారం లేదు. ఉస్మానీ రాజ్యంలో 1869, 1876 మధ్య సంకలనమైన మజల్లా 298వ అధికరణంలోనూ ఇదే ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని బేరంలో తీసుకుని, ఎక్కించి చూడగా అది దెబ్బతిన్నది. యజమాని తిరిగి తీసుకోనన్నాడు. షురైహ్ గారిని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. తీసుకున్నదానిని ఉంచుకోండి, లేదా తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా తిరిగి ఇవ్వండి అని ఖలీఫా మీదనే తీర్పు చెప్పారాయన. ఉమర్ (రజి) ఆయనను కూఫా ఖాజీగా నియమించారు.

చాచా విషయంలో వెల అనుకోలేదు గనుక గుర్రం అమానతే. కానీ అమానతును బాడుగకు తోలడం పరీక్ష అవుతుందా? ఆ రాత్రి ఊరేగింపు వల్లనే కడుపు నొప్పి వచ్చిందా, మేతలో తేడా వల్లనా? డాక్టరు కూడా తేల్చి చెప్పలేకపోయారు. ఇద్దరినీ మద్రసాకు పిలిపించి, అస్ర్ తరువాత కూర్చోబెట్టాము. తీర్పు మా పని కాదు, సుల్హ్ మాత్రం ప్రయత్నిస్తామన్నాము.

ఆ కూర్చున్నచోట మాకు హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గుర్తుకు వచ్చారు. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేసి తెచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి), దీని విలువ ఇంకా ఎక్కువ, 400కు ఇస్తావా అని అమ్మేవానినే అడిగారు. అలా వందలు పెంచుకుంటూ 800కు కొన్నారు. ప్రతి ముస్లింకు మేలు కోరుతానని తాను మహాప్రవక్త (స)కు బైఅత్ చేశానని దానికి కారణం చెప్పారు. కొనేవాడు వెల పెంచిన ఆ గుర్రం ఎక్కడ, కొనేవాని జేబు ఎంతో తెలుసుకుని వెల చెప్పదలచిన ఈ గుర్రం ఎక్కడ!

ప్రకటనలో ధర ఎందుకు రాయలేదని అమ్మేవానిని అడిగాము. దాచకుండానే చెప్పాడు: "రాస్తే ఎవరూ ఫోను చేయరు హజ్రత్. రాయకపోతే మనిషిని బట్టి చెప్పుకోవచ్చు."

పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విజయనగరం గురించి రాసిన వృత్తాంతంలో ఒక వింత ఉంది. సాళువ నరసింహరాయలు సముద్రం మీదుగా వచ్చే గుర్రాలను బతికినా చచ్చినా కొనేవాడట. దారిలో చచ్చినదాని తోక తెచ్చి చూపితే చాలు, బతికిన గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. అక్కడ చచ్చిన గుర్రానికి కూడా ముందే వెల ఉంది. మా వరండాలో మాత్రం చచ్చిన తరువాత వెల కట్టవలసి వచ్చింది. గుర్రాలు ఎరిగిన ఇద్దరు పెద్దలు ఫోటోలు చూసి, పళ్ల సంగతి అడిగి, 1,10,000కు మించదన్నారు. అమ్మేవాడు చాలాసేపు తల వంచుకుని కూర్చుని, సరేనన్నాడు. మగ్రిబ్ అజాను వేళకు ఒప్పందం కుదిరింది: బయానా 20,000 చాచా వదులుకోవాలి, మరో 30,000 నెలకు మూడు వేల చొప్పున పది నెలలలో ఇవ్వాలి, మిగిలినది అమ్మేవాడు అల్లాహ్ కోసం మాఫీ చేయాలి. కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాము.

మొదటి నెల మూడు వేలు మేము ఇస్తామని చాచాతో చెప్పాము. ఎందుకో ఆయనకు తెలుసు. ఒప్పుకోలేదు. ముసలి గుర్రాన్నే మళ్లీ బారాతులకు తోలుతున్నారు. దానికోసం ఒక బస్తా ఉలవలు మాత్రం తీసుకున్నారు.