కళ్లు తిరిగితే నీరసమేనా? బ్రెయిన్ స్టెమ్ స్ట్రోక్‌ను గుర్తుపట్టేదెలా, ఎక్కడికి వెళ్లాలి

2024 ఫిబ్రవరిలో నటుడు మిథున్ చక్రవర్తి కోల్‌కతాలో ఆస్పత్రిలో చేరారు. 'గోపాల గోపాల'తో తెలుగువారికీ తెలిసిన నటుడే. కుడి చెయ్యి, కాలు బలహీనపడ్డాయి, పరీక్షల్లో స్ట్రోక్ అని తేలింది. చెయ్యి పడిపోతే పక్షవాతమని ఎవరైనా పోల్చుకుంటారు. కానీ బ్రెయిన్ స్టెమ్‌లో వచ్చే స్ట్రోక్ చాలాసార్లు అలా కనిపించదు.

మెదడును వెన్నుపాముతో కలిపే భాగమే బ్రెయిన్ స్టెమ్. శ్వాస, గుండె వేగం, మింగడం, స్పృహ దీని మీదే ఆధారపడతాయి. దానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే ఒక్కసారిగా కళ్లు తిరుగుతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. మూతి వంకర పోకపోవచ్చు.

ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఉండే లైట్‌మన్‌కో, డ్రైవర్‌కో ఇలా అయితే నైట్ షూటింగ్ నీరసం అంటారు. రంజాన్‌లో అయితే రోజా వల్ల అనుకుంటారు. తూలితే తాగాడనీ అనేస్తారు. నిమ్మరసం తాగించి పడుకోబెడతారు. మింగలేని మనిషికి నోట్లో ఏదైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. టైమూ పోతుంది.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. బేసిలార్ అనే పెద్ద నాళం మూసుకుపోతే గడ్డను క్యాథెటర్‌తో బయటికి తీస్తారు. చైనాలో జరిగి 2022లో వెలువడిన రెండు అధ్యయనాల్లో, ఇలా గడ్డ తీసిన వారిలో 46 శాతం మంది మూడు నెలలకు సాయం లేకుండా నడవగల స్థితికి వచ్చారు. మందులతోనే చూసినవారిలో అది 23, 24 శాతమే. ఒక అధ్యయనంలో 24 గంటల లోపు వచ్చినవారికీ మేలు జరిగింది. కాబట్టి ఆలస్యమైందని ఇంట్లో ఉంచుకోవద్దు.

జూబ్లీహిల్స్‌లో అపోలో 1988 నుంచి ఉంది. పంజాగుట్టలో ప్రభుత్వ నిమ్స్ ఉంది. అయితే ఆస్పత్రి దగ్గర్లో ఉండటం వేరు, వైద్యం అందడం వేరు. రాత్రి పూట కూడా న్యూరాలజిస్ట్, ఎంఆర్ఐ, గడ్డ తీసే క్యాథ్ ల్యాబ్ ఉంటాయా అన్నదే అడగాల్సిన ప్రశ్న. తొలి గంటల్లో మామూలు సీటీలో ఈ స్ట్రోక్ కనబడకపోవచ్చు. సీటీ నార్మల్ అన్నా లక్షణాలు తగ్గకపోతే ఎంఆర్ఐ, రక్తనాళాల స్కాన్ గురించి అడగండి.

ఖర్చు మాటకొస్తే, తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ అది అన్ని ఆస్పత్రుల్లో, అన్ని చికిత్సలకు వర్తించదు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

అమ్మీ, అబ్బాకు బీపీ, షుగర్ ఉన్న ఇళ్లు ఈ ఎంక్వైరీ ఇప్పుడే చేసి పెట్టుకోవాలి. అవసరం పడితే 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్న టైం రాసి డాక్టర్‌కు చెప్పండి. ఏ చికిత్స ఇవ్వాలో డాక్టర్లు ముందు ఆ టైంను బట్టే చూస్తారు.