మంగళవారం క్షవరం

మా ఇళ్ళల్లో మగపిల్లాడి తలమీద మొదటిసారి కత్తి పడేది ఇలవేల్పు గుడిలో, మేనమామ ఒళ్ళో. మా చెల్లెలి కొడుక్కి ఆ మేనమామను నేనే. దివిసీమలో మా వూరి గుడి దగ్గర, వాడి మూడో యేట, సన్నాయి మేళంతో పుట్టువెంట్రుకలు తీయించాం. వాడు ఏడ్చాడు. అది మామూలు ఏడుపు కాదు. ఊపిరి తిరగనంతగా ఏడ్చి, చివరకు కట్టెలా బిగుసుకుపోయాడు. "గట్టిగా పట్టుకోరా! ఏ పిల్లాడు ఏడవడు గనుక?" అని పెద్దలు కేకలు వేస్తూంటే, నేను రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. చుట్టాల ముందు చేతకానివాణ్ణి అనిపించుకోకూడదన్న పౌరుషం ఒకటి! ఆ తరవాత యేడాదిదాకా వాడు నా ఒళ్ళోకి రాలేదు.

వాడికి ఆటిజం వుందని డాక్టర్లు చెప్పింది ఆ మరుసటి యేడు.

దీన్ని తెలుగులో 'స్వలీనత' అంటున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక సమాసం బాగానే వుందని ఒప్పుకుంటాను. కాని తనలో తాను లీనమైపోయినవాడికి బయటి గోల పట్టకూడదు గదా! మావాడి చిక్కు దానికి సరిగ్గా తలకిందులు. బయటి లోకం మనకంటె వాడికే యెక్కువ తగులుతుంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండుమంది పిల్లల్ని పరిశీలించి ఈ స్థితిని వివరంగా రాశాడు. వాళ్ళలో కొందరికి ఇల్లు శుభ్రం చేసే విద్యుత్ యంత్రమన్నా, లిఫ్టన్నా హడలు అని ఆనాడే గుర్తించాడు. అయినా ధ్వనికి, స్పర్శకు ఇలా అతిగానో, మరీ తక్కువగానో చలించడాన్ని ఆటిజం లక్షణాల్లో ఒకటిగా అమెరికన్ మనోవైద్యుల గ్రంథంలో చేర్చింది 2013లోనే. డెబ్భై యేళ్ళు పట్టింది పెద్దలకు! ఇక గుడి దగ్గర మేం యేపాటి?

సరే, గుడి తరవాత వాణ్ణి ఏ క్షురకుడి దగ్గరకూ తీసుకువెళ్ళలేదు. వాడు నిద్రపోయాక, సెల్‌ఫోను వెలుగులో, మా చెల్లెలే కత్తెరతో ఇంత ఇంత కత్తిరించేది. ఒక రాత్రి కత్తెర చెవి దగ్గర వుండగా వాడికి మెలకువ వచ్చేసింది. అంతే, ఆ రోజునుంచి దిండుమీద తల పెట్టడం మానేశాడు. గోడకు చేరగిలబడి, కూర్చునే నిద్రపోతాడు. క్షవరం పోయి నిద్రకే ముప్పు వచ్చింది.

మొన్న వేసవిలో జుట్టు కళ్ళమీద పడుతోంది. జూన్‌లో బడి తెరుస్తారు. "నలుగురం పట్టుకుంటే పది నిమిషాల పని" అన్నాడు వాడి తండ్రి. ఆయనా విసిగిపోయి వున్నాడు, తప్పు పట్టను.

"ఆ పది నిమిషాల పని నేనోసారి చేశాను, బావగారూ. ఈసారి నెల రోజులు నాకివ్వండి" అన్నాను.

ముందుగా సత్యనారాయణపురంలో వాళ్ళ వీధి చివరి సెలూనుకు వెళ్ళి, నేనే కుర్చీలో కూర్చున్నాను. నలభై యేళ్ళుగా క్రాపు చేయించుకుంటున్నా, ఆనాడే మొదటిసారి శ్రద్ధగా గమనించాను. మెడ చుట్టూ బిగించే గుడ్డ. మొహాన చిమ్మే చన్నీళ్ళు. ఎదురుగా అద్దం, వెనక అద్దం, వాటిలో లెక్కలేనన్ని తలలు. పౌడరు వాసన. టీవీలో పాటలు. మెడమీద గుచ్చుకునే తెగిన వెంట్రుకలు. వెంట్రుకకు నొప్పి లేదన్న మాట నిజమే కాని, దాని మొదలు చుట్టూ నరాల కొసలు వుంటాయి. కాస్త లాగితే వాటికి తెలుస్తుంది. ఇక మిషను సంగతి. అది తలకు ఆనినప్పుడు దాని రొద గాలిలోనుంచే కాదు, పుర్రె ఎముకగుండా కూడా లోపలి చెవికి చేరుతుంది. చెవులు మూసుకున్నా ఆగదు. వీటన్నిటినీ కలిపి మనం 'క్షవరం' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. వాడికి అవి పది వేరు వేరు దాడులు.

బెజవాడవాళ్ళకు లాకులంటే యేమిటో చెప్పనక్కరలేదు. కాలువల్లో పడవలు నడిచే రోజుల్లో, ఎగువ మట్టంనుంచి దిగువకు పడవను ఒక్కసారిగా వదిలేవారు కారు. లాకులో నిలిపి, నీళ్ళు కొద్దికొద్దిగా తీసి, రెండు మట్టాలూ సమానమయ్యాకనే తలుపు తెరిచేవారు. మేం చేసిందీ అంతే.

మొదటివారం వాళ్ళమ్మ పాత నూలుచీర ముక్క భుజాలమీద కప్పి, వాడు తీసెయ్యమంటే ఆ క్షణమే తీసేశాం. రెండోవారం మిషను వాడి చేతికే ఇచ్చాం, తీగ తగిలించకుండా. తరవాత అది పక్క గదిలో మోగింది. ఆ తరవాత నా మోచేతిమీద, ఆఖరికి వాడి అరచేతిలో. ఒక్కొక్క మెట్టు వాడు వద్దన్నచోట ఆగేది. మర్నాడు మళ్ళీ అక్కడినుంచే. సెలూనువి ఆరు ఫొటోలు తీసి, ఒక నోటుబుక్కులో అంటించి, ఒక్కొక్కదాని కింద ఒక్కొక్క వాక్యం రాశాను: ఇది కుర్చీ, ఇది గుడ్డ, అయ్యాక ఇంటికి వస్తాం. ఏది ముందో ఏది వెనకో పిల్లలకు ఇలా కథగా చెప్పే పద్ధతిని అమెరికాలో కెరోల్ గ్రే అనే ఉపాధ్యాయిని 1990 దశకం మొదట్లో ప్రచారంలోకి తెచ్చింది. పరీక్షకు సిలబసు ఇవ్వకపోతే మా విద్యార్థులు ఊరుకుంటారా? వీడికి మాత్రం యెందుకివ్వకూడదు?

ఇక సెలూను యజమానితో మాట్లాడాను. అంతా విని ఆయన అన్నాడు: "ఆదివారం అడుగు పెట్టడానికి చోటుండదు, మాస్టారూ. మంగళవారం మాకు సెలవు. ఆ రోజు పొద్దున్న ఒక్క గంట తలుపు తీస్తాను. టీవీ వుండదు, జనం వుండరు. బాబు యెంతసేపు కూర్చుంటే అంతసేపే."

నేను సంతోషంగా ఇంటికి వచ్చి చెబితే, మా అమ్మ గుండె బాదుకుంది. "మంగళవారం క్షవరమా! మన వంశంలో వుందిరా?"

"మొదటిది ముహూర్తం పెట్టించే చేయించాం గదమ్మా. వాడేం సుఖపడ్డాడు?" అన్నాను.

అమ్మ మాట్లాడలేదు. ఆవిడా ఆనాడు గుడిలో వుంది.

మొదటి మంగళవారం గుమ్మందాకా వెళ్ళి తిరిగి వచ్చాం. రెండో మంగళవారం నాకు క్రాపు చేస్తూంటే వాడు చూశాడు. మూడో మంగళవారం కుర్చీ యెక్కాడు. నేను ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు. పక్కన ముక్కాలిపీటమీద కూర్చున్నాను. మావాడు మాటలు తక్కువ, అంకెలంటే మాత్రం ప్రాణం. ఆయన పది అంకెలు లెక్కపెడుతూ కత్తిరించి, పది కాగానే ఆగాలి. వాడు చెయ్యి యెత్తితే మధ్యలోనే ఆగాలి. ఇదీ ఒప్పందం. ఆయన "ఇంకొక్కటే బాబూ" అని ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు.

ఐదు పదులు గడిచాయి. ఆరోదానిలో, నాలుగు దగ్గర, వాడు చెయ్యి యెత్తాడు. కుడివైపు పూర్తయింది, యెడమవైపు ముట్టుకోలేదు. నాకు నోటిదాకా వచ్చింది, "ఇంకాస్త" అనడానికి. ఆయన అప్పటికే కత్తెర పక్కన పెట్టి, గుడ్డ విప్పేశాడు. వాడు ఆయన చేతిలోని గుడ్డవంకా, నావంకా మార్చి మార్చి చూశాడు. చెయ్యి యెత్తితే నిజంగానే ఆగుతారని వాడికి ఆ రోజు తెలిసింది.

సగం క్రాపుతో వీధిలో నడిపించుకు వస్తూంటే చూసినవాళ్ళు చూశారు, నవ్వినవాళ్ళు నవ్వారు. మా చెల్లెలు తల వంచుకోలేదు.

అందరు పిల్లలకూ ఇదే మందు అని నేననను. కొందరికి మిషను నయం, కత్తెర భయం. కొందరికి నెల చాలదు, యేడాది పడుతుంది. ఇలాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టులను అడిగితే మీ పిల్లవాడికి తగిన మెట్లు చెబుతారు. వికలాంగుల హక్కుల కొత్త చట్టం 2016లో వచ్చినప్పుడు, 1995 చట్టంలో లేని ఆటిజం కూడా అందులో చేరింది. మంచిదే. కాని సెలూను కుర్చీలో పిల్లవాడి చెయ్యి లేచినప్పుడు ఆగవలసింది మనమే.

ఆ వారం మధ్యలో ఒక రాత్రి వాడు దిండుమీద పడుకున్నాడట. చెల్లెలు తెల్లవారకుండా ఫోను చేసి చెప్పింది.

తరవాతి మంగళవారం నేను కాలేజీ హడావిడిలో మరిచిపోయి చొక్కా తొడుక్కుంటూంటే, అమ్మ వంటింట్లోనుంచి కేక వేసింది: "ఇవాళ మంగళవారం కదుట్రా! వాడి రెండో సగం మాటేమిటి?"