ఎండ యెక్కువైనచో

వెలుతురు ఆహారమని పిల్లలకు నేర్పుచున్నాము. అది అపాయమనియు నేర్పవలెనని మా యభిప్రాయము.

చెరువునీటిని పచ్చబఱచు సయనోబాక్టీరియాలను జూడుడు. ఈ సూక్ష్మజీవులు సూర్యరశ్మితోనే ఆహారము చేసికొనును. కాని మిట్టమధ్యాహ్నమున పనికి వలసినదానికంటె ఎక్కువ వెలుతురు పడును. మిగిలిన శక్తి ప్రాణవాయువునే విషముగా మార్చి కణమును చెఱచును. ఇట్టిచోట వాటిలో అనేకమును కాచునది నారింజవన్నె మాంసకృత్తు ఒకటి. క్యారట్టు దుంపకు రంగిచ్చు జాతి వర్ణద్రవ్యము దానిలో గలదు. నీలికాంతి తీవ్రముగా సోకగా నది యెఱ్ఱబడి, వెలుతురును పట్టు భాగమునకు అంటుకొని, అధికశక్తిని వేడిమిగా వెడలగొట్టును. చీకటిలో మరల నారింజవన్నెకు వచ్చును. దీనిని 1981లోనే వేరుపఱచిరి. దాని కాపుపని తెలియుటకు 2006 వఱకు, అనగా 25 ఏండ్లు పట్టెను!

ఇది సూక్ష్మజీవుల ముచ్చటయే గదా యందురేమో. ఆకులకును వేఱొకవిధమగు కాపుదల గలదు. మబ్బు క్రమ్మినను అది వెంటనే సడలదు. ఆ కొంతసేపు పంటకు నష్టమే. రైతులైన తల్లిదండ్రులు దీనిని వినవలెను: ఆ సడలింపును త్వరపఱచి, 2016లో అమెరికాలోని ఇల్లినాయిస్ పొలమున పొగాకు మొక్కలను నూటికి సుమారు 15 పాళ్లు అధికముగా పెంచిరి.