వంకర దర్వాజలో కాదు, కంటిపొరలో!

రాయికోడ్ మాది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. నిరుడు ఓ పొద్దున ఎడమకన్ను నలుపుకుంటూ కుడికంటితో చూస్తే, మా ఇంటి దర్వాజ నిలువు అంచు నడుమ వంగినట్టు కనిపించింది. రెండుసార్లు అద్దాలు మార్పించాను. వంకర పోలేదు.

చివరికి హైదరాబాద్ బస్సెక్కాను. అక్కడ ఓ మిషన్ ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, లోపలి గుర్తును చూడమన్నారు. సూది లేదు, నొప్పి లేదు. నిమిషంలో నా రెటీనా అడ్డంగా కోసినట్టు తెరమీద కనిపించింది. బాయి తవ్వితే మన్ను, మొరం, బండ వరుసగా బయటపడ్డట్టు పొరమీద పొర. నట్టనడుమ నల్లటి నీటిబుడగలు. షుగర్‌తో సన్నని రక్తనాళాలు కారి, చూపుకు కీలకమైన చోటే వాచింది.

ఈ పరీక్ష పేరు ఓసీటీ. అదెలా పనిచేస్తుందో చెబుతాను. పాలగ్లాసులో రూపాయి బిళ్ల వేస్తే కనబడదు. పాలు కాంతిని మింగి కాదు, అందులోని కొవ్వు బొట్లు దాన్ని తలో దిక్కుకు చెదరగొట్టి. మన కణజాలమూ అంతే. ఈ మిషన్ కాంతిని రెండుగా చీల్చి ఒకపాయను కంట్లోకి, రెండోదాన్ని అద్దం మీదికి పంపి, తిరిగొచ్చాక కలుపుతుంది. సమాన దూరం నడిచొచ్చిన అలలే జతకూడతాయి. లోపల దారితప్పి తిరిగినవి లెక్కకు రావు. నేను ఏటా నాలుగు మార్కుల ప్రశ్నగా చెప్పిన వ్యతికరణమే ఇది! అమెరికాలో ఎంఐటీ బృందం 1991లోనే దీన్ని లోకానికి చూపింది.

2018లో మొదలైన ప్రభుత్వ పథకం కంటి వెలుగు ఊరూరా అద్దాలు పంచింది. మంచి పనే. కానీ అద్దాలతో రెటీనా వాపు తగ్గదు. మిషన్ ఖరీదు లక్షల్లో ఉంటుంది, నిజమే. అయినా ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఒకటి ఉండాలి. బొమ్మ టెక్నీషియన్ తీస్తే చాలు, చదివే డాక్టర్ హైదరాబాద్‌లో ఉన్నా పర్వాలేదు. మా బస్సు కంది ఐఐటీ గేటు మీదుగానే పోతుంది. తక్కువ ఖర్చు మిషన్ చేసే బాధ్యత అలాంటి సంస్థలకు ప్రభుత్వం అప్పజెప్పాలి.

అంతదాకా షుగర్ ఉన్నవాళ్లు ఒక్క పని చేయండి. ఒక్కో కన్ను మూసి దర్వాజ అంచు చూడండి. వంకరగా కనిపిస్తే అద్దాల దుకాణానికి కాదు, రెటీనా డాక్టర్ దగ్గరికి పోండి.