సంతకం పెట్టేముందు ఆధారం అడగండి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఉన్న ప్రతి ఇంటికీ ఈ మనవి. మోకాళ్ల అరుగుదలకు, షుగరుకు, పక్షవాతానికి, పిల్లల ఆటిజానికి స్టెమ్ సెల్ వైద్యం చేస్తామని ఎవరైనా చెబితే వెంటనే డబ్బు కట్టకండి. పొలం బేరం పెట్టకండి. బంగారం కుదువ పెట్టకండి.

ఆ ఒక్క పేరు మీద రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. మొదటిది రక్త క్యాన్సర్లకు, తలసేమియాకు, ఎముక మజ్జ పనిచేయని జబ్బులకు చేసే మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి. దీని వెనుక దశాబ్దాల పరీక్షలున్నాయి. దారి వేసిన డాక్టర్ డోనల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రెండోది మిగతా జబ్బులకు చేసేది. వాటిలో దాదాపు అన్నీ ఇంకా ప్రయోగాలే. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో తప్ప వాటిని రోగులకు చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఆటిజానికి ఈ వైద్యం వద్దని జాతీయ వైద్య కమిషన్ నీతి విభాగం 2022 డిసెంబరులో చెప్పింది.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పెట్టేముందు రాయిని తట్టి, పలికే తీరు వింటాడు. వైద్యులకూ అలాంటి పరీక్ష ఉంది. దాని పేరు గ్రేడ్. ఆధారం బలాన్ని అధికం, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ అని నాలుగు మెట్లుగా చూస్తారు. ఫలానా వారికి తగ్గిందన్న మాట కింది మెట్టు. చీటీ తీసి రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొత్త వైద్యం, రెండో గుంపుకు పాత వైద్యం ఇచ్చి పోల్చిన పరీక్ష పై మెట్టు.

ఈ తేడా మరిస్తే ఏం జరుగుతుందో లోకం చూసింది. 1990లలో రొమ్ము క్యాన్సర్‌కు తీవ్రమైన కీమో ఇచ్చి, వెనకే మూలకణాలు ఎక్కించే చికిత్సను వేలమంది స్త్రీలకు చేశారు. చేసినవారు మంచి వైద్యులే, మనసారా నమ్మారు. సరిగ్గా పోల్చిన ఫలితాలు 1999లో వచ్చాయి. ప్రాణం నిలపడంలో అదనపు మేలు కనబడలేదు. మేలు ఉందన్న ఒక్క దక్షిణాఫ్రికా పరిశోధన మోసమని 2000లో తేలింది. అప్పటికే ఎందరో తల్లులు ఆ బాధంతా పడ్డారు.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు స్త్రీలు ఒక్కొక్కరూ 5,000 డాలర్లు కట్టి కళ్లలోకి స్టెమ్ సెల్ వైద్యం పేరిట కణాలు ఎక్కించుకున్నారు. రెండు కళ్లకూ ఒకే రోజు! వారంలోపే చూపు దెబ్బతింది.

కాబట్టి గుర్తులు చూసుకోండి. ఒకే ఇంజెక్షన్ పది జబ్బులకు పనిచేస్తుందంటే అనుమానించండి. ఈరోజే కడితే తగ్గింపు అంటే లేచి వచ్చేయండి. ట్రయల్ అంటూనే చికిత్సకు డబ్బు అడిగితే అది సరైన ట్రయల్ కాదు. ట్రయల్ నమోదు నంబరు అడగండి. చెప్పలేకపోతే సంతకం పెట్టకండి. కాగితాలు తీసుకుని నంద్యాల ప్రభుత్వాసుపత్రిలోనో, కర్నూలు పెద్దాసుపత్రిలోనో ఇంకో డాక్టరుకు చూపించండి.

భయపడి అసలైన మార్పిడినీ వద్దనుకుంటారేమో, నాకు ఆ దిగులు ఇంకా ఎక్కువ. తలసేమియా బిడ్డకు రక్తం ఎక్కించేకొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. కాలేయం, గుండె దెబ్బతినకముందే నిపుణులను కలవాలి. తోబుట్టువు మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సరిపోతుందో లేదో చూసే పరీక్షను వాయిదా వేయకండి. రక్త క్యాన్సర్‌కు పసరు మందులతో నెలలు పోగొట్టకండి.

మార్పిడి అయ్యి ఇంటికి వచ్చాక కూడా అన్ని జాగ్రత్తలకూ ఒకే బలం లేదు. పచ్చి కూరలు, పండ్లు పూర్తిగా మానాలన్న నియమానికి ఆధారం అంతంత మాత్రమే. శుభ్రంగా కడిగి, డాక్టరు చెప్పినట్టు తినండి. జ్వరం మాత్రం అలా కాదు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే ఇంట్లో మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకండి. తెల్ల కణాలు తక్కువగా ఉన్న ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం తీయగలదు. మార్పిడి చేసిన ఆసుపత్రి నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి. అర్ధరాత్రయినా ఫోన్ చేసి, దగ్గరి పెద్దాసుపత్రికి బండి కట్టించండి.