తోలు సీటు – మన బాధ్యత

పల్నాటి ఎండలో సైకిలుపై కళాశాలకు వచ్చు విద్యార్థికి మంచి తోలు సీటు విలాసము కాదు, అవసరమని మా అభిప్రాయము. 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో ఆరంభమైన బ్రూక్స్ సంస్థ నేటికీ అట్టి సీట్లను తయారుచేయుచున్నది. తోలు దళసరిగా, బిగువుగా ఉండవలెను. అదియే క్రమముగా తొక్కువాని ఒంటికి అనుగుణముగా అమరును. తడిసినచో నీడలోనే ఆరబెట్టవలెను.

వెనుక చక్రమునకు వేసిన తాళము సీటును కాపాడదు. ఒక్క పానాతో అది క్షణములో ఊడివచ్చును. పాత సైకిలు గొలుసును ట్యూబు ముక్కలో దూర్చి, సీటు కమ్మీలను ఫ్రేముతో కలిపి బంధించుట చౌకైన ఉపాయము.

అన్నింటికంటె ముఖ్యము, చౌకగా దొరికిన పాత సీటును ఎవరిదని విచారింపక కొనరాదు. కొనువాడు లేనిదే దొంగ లేడు. గురజాల బజారులో మనము మిగుల్చుకొన్న నాలుగు రూపాయలు, ఏదో పల్లెదారిలో మరొక సోదరుని ఇంటివరకు నిలబడి తొక్కించును.