ముందు తుడుచుట, పిమ్మట కాల్చుట

గత సంవత్సరము మన పాఠశాల బాలబాలికలను నేషనల్ కేడెట్ కోరు శిబిరమునకు పంపుటకై తలిదండ్రుల సమ్మతిపత్రములు సేకరించుచుండగా, ఎల్లారెడ్డి ప్రాంతమునుండి వచ్చిన యొక తల్లి కాగితమును చేతబట్టుకొని, "మా బిడ్డకు తుపాకి ఎందుకు సారూ?" అని నన్నడిగినది. దేశసేవ, క్రమశిక్షణ అను రెండు పెద్ద మాటలు చెప్పితిని. ఆమె సంతకము చేసి వెళ్లెను గాని, నా జవాబు ఆమె ప్రశ్నకు తగినది కాదని నాడే నాకు తెలియును. పిల్లలతో కూడ నేనును శిబిరమునకు వెళ్లి, చూచి, ఒక తప్పును చేసి వచ్చిన పిమ్మటనే చెప్పవలసిన జవాబు నాకు దొరకినది. దానిని ఈ సంచిక మూలమున ఆమెకును, కామారెడ్డి ఎల్లారెడ్డి ప్రాంతముల తలిదండ్రులందరికిని విన్నవించుచున్నాను.

ఈ దళము 1948 వ సంవత్సరపు చట్టముచే ఏర్పడినది. ఉన్నత పాఠశాలల బాలురకు జూనియర్ డివిజను, బాలికలకు జూనియర్ వింగు గలవు. ఇందు చేరినవారు పిమ్మట సైన్యమున చేరవలెనను నిర్బంధ మేమియు లేదు. పిల్లల చేతికిచ్చునది యుద్ధపు తుపాకియు కాదు. పాయింటు రెండు రెండు అని పిలువబడు సన్నని గొట్టపు రైఫిలు. ఒకమారు పేల్చిన పిమ్మట బోల్టును చేతితో వెనుకకు లాగి ముందునకు త్రోసినగాని రెండవ గుండు లోనికి రాదు.

శిబిరమున మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఉస్తాదుగారిని ఒక ప్రశ్న యడిగెను. పత్రికలోని చిత్రమున తాను చూచిన పొట్టి తుపాకికి గుండ్లపెట్టె మీటకు ముందు గాక వెనుక నున్నదేమి యని. దానిని బుల్‌పప్ అందురు. దాని కీలకమంతయు భుజమున కానించు కట్టె భాగములోనికి జరుపబడి యుండును. అందుచే గొట్టము పొడవు తగ్గకయే తుపాకి పొడవు తగ్గును. మన సైన్యపు ఇన్సాస్ రైఫిలు గొట్టము సుమారు 46 సెంటీమీటర్లు, మొత్తము పొడవు సుమారు 95. మన ప్రత్యేక దళములకు తెప్పించిన ఇజ్రాయెలు దేశపు టావోర్ అను బుల్‌పప్ గొట్టమును అంతియే. మొత్తము పొడవు మాత్రము 72. బండిలోనుండి దిగువానికిని, ఇరుకు గదిలో తిరుగువానికిని ఇది గొప్ప సౌకర్యము.

అయినను ఊరక వచ్చిన సౌకర్యము కాదు. మీటకును కీలకమునకును నడుమ పొడవైన కమ్మి యుండుటచే మీట బరువుగా తోచును. గుండు పేలు చోటు చెక్కిలి చెంతనే యుండును గనుక, ఎడమ భుజమున నానించి కాల్చువాని మొగము మీదుగా ఖాళీ తూటా ఎగురును. బ్రిటిషువారు 1985 లో చేపట్టిన ఎస్.ఎ. 80 అను బుల్‌పప్ 1991 గల్ఫ్ యుద్ధమున ఎడారి యిసుకలో మొరాయించుటచే, 2000 తరువాత దానిని చాలవరకు సవరింపవలసి వచ్చెను. ఫ్రాన్సువారు 2016 లోను, చీనావారు 2019 లోను తమ బుల్‌పప్‌ల స్థానమున మరల పాత తీరు తుపాకులను ఎన్నుకొనిరి. ఉస్తాదుగారు ఇంత చెప్పలేదు. "పెట్టె ముందున్నను వెనుకున్నను తుపాకి తుపాకియే. పొట్టిదైనకొలది దాని మూతి త్వరగా తిరుగును. ముందు మూతిని కాచుట నేర్చుకొనుము" అని మాత్రము చెప్పిరి.

ఆ మాట నాకు తగిలినంతగా మరెవ్వరికిని తగిలి యుండదు. పిల్లలు కాల్చుట ముగిసిన పిమ్మట, ఉపాధ్యాయుడనుగదా యని నాకును అయిదు గుండ్లిచ్చిరి. అయిదును కాల్చితిని. నాలుగు గురికాగితముపై పడెను. ఆ సంతోషముతో లేచి, తుపాకి చేతనుండగనే, "చూచితిరా?" అని పిల్లల వైపు తిరిగితిని. తిరిగినది నేనొక్కడనే కాదు. తుపాకి మూతియు నాతో కూడ తిరిగి పదిమంది బిడ్డల రొమ్ముల మీదుగా పోయెను. ఉస్తాదుగారు ఒక్క అంగలో వచ్చి గొట్టమును నేలకు వంచిరి, కోపపడలేదు. "ఖాళీగానే యున్నది" అంటిని. "ఖాళీ తుపాకియే మనుష్యులను చంపునది, మాస్టరుగారూ, నిండినదానిని చూచి అందరును భయపడుదురు" అనిరి. ఇరువది సంవత్సరములు తరగతిలో నిలిచి చెప్పిన నాకు, నా విద్యార్థుల యెదుట అంతకంటె సిగ్గయిన గడియ లేదు. నాడు వారు నేర్చిన పాఠములలో నా తప్పే పెద్ద పాఠమై యుండును.

ఈ భయము వట్టి భయము కాదు. ఇరువదియైదు మీటర్ల దూరమున నున్న గురికాగితమునకు కాల్చు ఈ చిన్న గుండు, అడ్డు లేనియెడల కిలోమీటరున్నర దూరము పోగలదు. కాల్చిన పిల్లవాని కన్ను అంతదూరము పోదు. అందుచేతనే గురికాగితముల వెనుక ఎత్తయిన మట్టికట్టయు, కాల్చునంతసేపు ఎగురు ఎఱ్ఱజెండాయు. "భర్" అనినగాని గుండు నింపరాదు; "ఖాలీ కర్" అనినతోడనే తీసివేసి, బోల్టు తెరచి చూపవలెను. కాల్చుటకు సిద్ధపడువరకు వ్రేలు మీటపైకి పోరాదు. తుపాకి ఎప్పుడును నిండియే యున్నదని తలంచి మెలగవలెను.

ఇక నా ముఖ్య విషయమునకు వత్తును. కాల్చుట అయిదు నిమిషముల పని. తుడుచుట అరగంట పని. పుల్‌త్రూ అను త్రాటి కొనకు ఒక బరువు, రెండవ కొనన చిందీ అనబడు గుడ్డపేలిక. తుడుచు చిందీ నాలుగంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు. నూనె పూయునది అంతకంటె అరంగుళము సన్నము. బరువును వెనుక తట్టునుండి జారవిడిచి మూతినుండి తిన్నగా లాగవలెను. వంకరగా లాగినచో త్రాడు మూతి అంచును ఒరసి అరుగదీయును. అంచు అరిగిన తుపాకి గురి తప్పును. తుడిచిన పిమ్మట గొట్టమును వెలుతురునకు పట్టి చూచిన, లోపల మెలి తిరిగిన గాళ్లు అద్దమువలె మెరయవలెను. మసక యున్న మరల తుడువవలెను. పిమ్మట పలుచగా నూనె; మరల కాల్చుటకు ముందు ఆ నూనెను పూర్తిగా తుడిచివేయుట.

పూర్వపు తూటాల నిప్పుమందు కాలిన పిమ్మట గొట్టములో ఒక విధమైన ఉప్పు మిగిలి, గాలిలోని తేమను పీల్చి, ఇనుమును తినివేసెడిది. అందుచే ఆనాటి సిపాయిలు ముందు వేడినీరు పోసి కడిగి, ఆ మీద తుడిచెడివారు. నేటి తూటాలలో ఆ ఉప్పు లేకున్నను, తుడుచు అలవాటు మిగిలినది, మిగులుట మేలు. ఏలయన దీనికి చప్పట్లు లేవు. గురికాగితమును అందరును చూతురు. గొట్టము లోపలిని ఉస్తాదుగారు తప్ప ఎవరును చూడరు. ఎవరును చూడని చోటును శుభ్రముగా నుంచగల బాలునికి, ఆ తరువాత ఏ పనిముట్టు నిచ్చినను, ఏ అధికారమిచ్చినను భయము లేదు.

మిషను పాఠశాల శాంతిని బోధింపవలసినది గదా, పిల్లల చేతికి తుపాకి నిచ్చుట తగునా యని కొందరు పెద్దలు నన్నడిగిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున సాగిన సాయుధ పోరాటపు మాటలు మన యిండ్లలోని తాతలకు వారి పెద్దలు చెప్పినవే. మక్కచేలకు అడవిపందులు రాకుండ దాచిన నాటు తుపాకి పేలి ప్రాణము పోయిన వార్తలును మనము విననివి కావు. కావున తుపాకి మన పిల్లలకు క్రొత్త వస్తువు కాదు. భయముగానో, సినిమాలోని వేడుకగానో అది ముందే వారి మనస్సున నున్నది. ఈ రెండును అజ్ఞానమునుండి పుట్టినవే. శిక్షణ మూడవ త్రోవను చూపును. దానిని విప్పి, తుడిచి, లెక్కపెట్టి అప్పగించిన పిల్లవానికి దానియందు భయమును లేదు, మోజును లేదు. జాగ్రత్త యొక్కటే మిగులును.

ఓర్పు ఎంతదూరము తీసికొనిపోవునో చూడగోరువారికి మన రాష్ట్రముననే నిదర్శనములు గలవు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పందెమున కంచుపతకము గెలిచెను. ఆ గురికాగితపు నడిమి చుక్క అరమిల్లీమీటరు మాత్రమే. 2023 లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ పిస్తోలుతో బంగారు, వెండి పతకములు తెచ్చెను. ఊపిరిని నిలుపలేని వానికి, కోపమును అణచలేని వానికి అట్టి గురి దొరకదు.

అయినను ఈ శిక్షణకు కొన్ని హద్దులుండవలెనని నా అభిప్రాయము. మనస్సాక్షి ఒప్పని బిడ్డను గాని, తలిదండ్రులు వలదన్న బిడ్డను గాని బలవంతపెట్టరాదు. అట్టివారికి ప్రథమచికిత్స నేర్పవచ్చును. తుడుచుట చక్కగా నేర్వనిదే ఎవరికిని ఒక్క గుండైనను ఇయ్యరాదు, ఉపాధ్యాయునికిని ఇయ్యరాదు. తుపాకి పట్టుకొని ఫోటోలు తీయించుకొను వేడుకను మైదానమునకు రానీయరాదు. 1959 వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము ఇరువదియొక్క సంవత్సరములు నిండనివానికి తుపాకి లైసెన్సు దొరకదు. శిక్షణ పొందినంత మాత్రమున ఇంట తుపాకి యుంచుకొను హక్కు కలుగదని పిల్లలకు ముందే చెప్పవలెను.

అమ్మా, నీ బిడ్డ ఆ శిబిరమున అయిదు గుండ్లు కాల్చినది, మూడు తప్పినవి. ఆమె తుడిచిన గొట్టమును మాత్రము ఉస్తాదుగారు వెలుతురునకు ఎత్తి చూచి, మారుమాట లేక తిరిగి ఇచ్చిరి. తుపాకి ఎందుకని నీవడిగితివి. తప్పిన మూడు గుండ్లకు ఏడువక, ఆ గొట్టమును రెండుమారులు తుడుచుట నేర్చుటకు.